కొసరు కోళ్ళు

పొద్దున్న చెత్తడబ్బా రోడ్డు మీంచి లోపలికి లాక్కొద్దామని తలుపు తీసేసరికి గుమ్మంలో మామిడిపళ్ళ అట్టపెట్టె ఒకటి కనిపించింది. మన ఇండియన్ షాపుల్లో వేసవి మొదట్లో అమ్మే పెట్టె, దాని పక్కన మూతి ముడేసిన సోనామసూరి బియ్యం సంచి. నా మీద ఎవరికి ఇంత ప్రేమ పుట్టుకొచ్చి మామిడిపళ్ళు పంపారా అనుకుంటూ వంగానో లేదో, పెట్టెకి పొడిచిన చిల్లుల్లోంచి ఓ పసుపుపచ్చ ముక్కు బయటికొచ్చి నా వేలు పొడిచింది. ఒళ్ళు మండిపోయింది. పెట్టె తెరవకుండానే లోపల ఏముందో, ఆ సంచిలో ఏ మేత ఉందో, వదిలివెళ్ళినవాళ్ళు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అన్నీ తెలిసిపోయాయి. మావారు కళ్ళజోడు వెతుక్కుని, తలుపు పక్కన బిగించిన కెమెరాలో ఏం పడిందో ఫోన్లో చూపించారు. ఎవరో అమ్మాయి, మాకు బొత్తిగా తెలియని అమ్మాయి, కారు దిగి, పెట్టె దించి, బెల్లు కొట్టకుండా, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్ళిపోయింది. మా పెరట్లో కోడి అన్నది లేక ఐదేళ్ళయింది. ఐదేళ్ళయినా ఈ చుట్టుపక్కల మనవాళ్ళ లెక్కలో నా గుమ్మం ఇంకా కోళ్ళ సత్రమేనన్నమాట.

కోపం ఎవరి మీద అని మావారు అడిగారు. ఆ అమ్మాయి మీద సగమే. మిగతా సగం ఎవరి మీదో చెప్పాలంటే చీరాల దాకా వెళ్ళాలి.

నేను కొట్లవాళ్ళ ఇంట పుట్టినదాన్ని. మా నాన్నగారిది పచారీ కొట్టు, దాని పక్కనే పెదనాన్నగారి ఇత్తడి సామాన్ల కొట్టు, ఎదురు వరసలో చిన్నాన్నది బట్టల కొట్టు. బడి వదలగానే సంచీ ఇంట్లో పడేసి, కందిపప్పు బస్తా మీదెక్కి కూర్చుని, బేరం ఎలా మొదలవుతుందో, ఎక్కడ మెలిక తిరుగుతుందో, ఏ మాట దగ్గర మనిషి గొంతు మెత్తబడుతుందో వింటూ పెరిగాను. కొసరు సంగతి మన ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తూకం పూర్తయి ముల్లు మధ్యలో నిలబడ్డాక, పైన మరో గుప్పెడు. వెంట వచ్చిన చంటిదానికి ఓ బెల్లం ముక్క. అడగడం కొనేవాళ్ళ హక్కు, విసుక్కుంటూ వెయ్యడం అమ్మేవాళ్ళ మర్యాద. కొసరు లేకుండా నేను ఇంటికొస్తే మా అమ్మ తెచ్చిన సరుకు వంక కాకుండా నా మొహం వంక చూసేది, ఒంట్లో బాగాలేదా అన్నట్టు. మా కొట్టుకి నాలుగు కొట్ల అవతల ఇంకో పచారీ కొట్టాయన ఉండేవాడు. ఆయన దోసెడేసి కొసరు పోస్తాడని జనం ఎగబడి వెళ్ళేవారు. తూకంలో నొక్కేసి, నొక్కినదాంట్లో సగం కొసరుగా పోసే మనిషి అని మా నాన్నగారు అన్నం ముందు కూర్చుని అనేవారు, బయట మాత్రం ఎన్నడూ అనలేదు. అప్పట్లో నాకది పక్కా అసూయలాగే వినిపించేది.

ఇక కోళ్ళు. గుడ్డు అన్న మాట కూడా వంటింట్లో పలకని ఇల్లు మాది. అలాంటిదాన్ని కోళ్ళు పెంచడమేమిటని మీకనిపిస్తే, చీరాలలో మా వదినలు ఇప్పటికీ నవ్వుకుంటున్నారు, వాళ్ళతో కలిసి నవ్వుకోండి. కెనడాలో కిచెనర్‌కీ హామిల్టన్‌కీ మధ్య ఉన్న ఈ చిన్న ఊళ్ళో ఇల్లు కొనుక్కుని పన్నెండేళ్ళయింది. మావారికి హామిల్టన్‌లో ఓ ఉక్కు సామాన్ల కంపెనీలో ఉద్యోగం, నాకు ఓ ఆసుపత్రి స్టోర్ రూములో. పెరడుందని సంబరపడి మొదటి వేసవిలోనే గోంగూర వేశాను. ఈ దేశంలో గోంగూర బతికే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆ కాసిని రోజుల్లోనూ సగం ఆకు జిగురు పురుగులు తినేసేవి. స్టోర్ రూములో నాతో పనిచేసే ఆవిడ రెండు కోళ్ళని వదిలితే ఒక్క పురుగు మిగలదని చెప్పింది. పురుగులు పోతాయి, రెట్ట ఎరువవుతుంది, గుడ్లు పంచిపెట్టుకోవచ్చు. ఒక్క వస్తువుకి మూడు లాభాలు కనబడితే కొట్లవాళ్ళ పిల్ల చెయ్యి ఊరుకుంటుందా. మావారు గ్రాఫ్ కాగితం మీద మూడు కోళ్ళకి సరిపడా గూడు గీశారు, ఒక్కొక్క కోడికి ఇన్ని అంగుళాల చోటని రాసి మరీ. ఆ కాగితం ఇంకా ఉంది, నా మీద సాక్ష్యంగా దాచుకున్నారు.

మా ఊరి నిబంధన ప్రకారం నాలుగు పెట్టల వరకూ పెంచుకోవచ్చు, పుంజు కూడదు, పక్కింటివాళ్ళు సంతకం పెడితేనే పర్మిట్. మా పక్కింట్లో ఓ పెద్దావిడ ఉండేది. స్కూలు బస్సు నడిపి రిటైరయిన మనిషి, భర్త పోయాక ఒక్కతే ఉండేది, పొద్దస్తమానూ పూలమొక్కల్లో చేతికి తొడుగులేసుకుని తిరిగేది. కాగితం పట్టుకెళ్తే చదవనైనా చదవలేదు. ఎన్ని అని ఒక్కటే అడిగింది. మూడు, మహా అయితే నాలుగు అన్నాను. సంతకం పెట్టేసింది. మూడు అన్నదాన్ని వెంటనే "మహా అయితే నాలుగు" అని ఎందుకన్నానో ఇప్పుడు ఆలోచిస్తే, చోటు ఉంచుకోవడం అలవాటు. బేరంలో మొదటి మాట ఎప్పుడూ చివరి మాట కాదు కదా. ఆవిడ మాత్రం నాది చివరి మాట అనుకుంది.

కిచెనర్ దాటాక, మతాచారంగా కార్లెక్కకుండా, నల్లటోపీలు పెట్టుకుని గుర్రబ్బళ్ళ మీద తిరిగే రైతుల ఊళ్ళున్నాయి. అక్కడ ఓ ముసలి రైతు ఆరువారాల కోడిపిల్లల్ని అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాం. ధర చెప్పాడు. సగం నుంచి మొదలుపెట్టాను. తల అడ్డంగా ఊపాడు. కొంచెం పెంచాను. మళ్ళీ అంతే. కోపమూ లేదు, నవ్వూ లేదు, చెప్పిన ధరే ధర. మావారు సిగ్గుతో కారు టైర్లు చూసుకుంటున్నారు. నలభై ఏళ్ళ నా విద్య ఆ గడ్డివాము ముందు మట్టి కరిచింది. చివరికి ధర ఇచ్చేసి మూడు పిల్లల్ని పట్టుకున్నాక, ఓడిపోయి ఇంటికెళ్ళలేక, మా ఊళ్ళో బేరం అయ్యాక అమ్మినవాళ్ళు పైన ఇంకొంచెం వేస్తారు, అలా వెయ్యకపోతే ఆ బేరానికి అందం ఉండదు అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. తరవాత మొదటిసారి నవ్వి, గంపలో చెయ్యిపెట్టి ఇంకో రెండు పిల్లల్ని తీసి నా ఒళ్ళో పెట్టాడు. ఆడో మగో ఇప్పుడే చెప్పలేనని మాత్రం అన్నాడు.

ఆ రోజు కారులో నేను పడిన గర్వం చెప్పలేను. కెనడాలో కొసరు రాబట్టిన మొదటి చీరాల మనిషిని నేనేనని నా నమ్మకం. మావారు మెల్లిగా, పర్మిట్ నాలుగింటికే కదా అన్నారు. ఇందులో ఒకటైనా పుంజవుతుంది, తిరిగిచ్చేద్దాం అన్నాను. అన్నట్టే ఆగస్టులో ఒకటి పుంజని తేలింది. ఇంకా వెలుగు రాకముందే కూత మొదలెట్టేది. పక్కింటావిడ ఏమీ అనలేదు, నేను మాత్రం ఓ సంచెడు చిక్కుడుకాయలు పట్టుకెళ్ళి ఇచ్చి నవ్వి వచ్చాను. పుంజుని రైతు దగ్గరికి తీసుకెళ్ళాను. ఉత్త చేతుల్తో తిరిగిరావడం నా వల్ల కాలేదు. మీరిచ్చిన వస్తువులో తేడా ఉంది, మార్చివ్వాలి, పైగా ఇంత దూరం రెండుసార్లు తిరిగాను అన్నాను. రెండు పెట్టపిల్లలతో వచ్చాను. ఒక్క నోరు తగ్గించడానికి వెళ్ళినదాన్ని ఒకటి పెంచుకుని వచ్చానని ఇంటి దగ్గర కారు దిగేదాకా తట్టలేదు. ఆరు. మావారు ఆ శనివారం గూటికి ఇంకో గోడ కట్టారు. నువ్వు గెలిచిన బేరాలకి నేను గోడలు కట్టుకుంటూ పోతున్నాను అన్నారు, సుత్తి దించకుండా.

శరదృతువు వచ్చేసరికి గుడ్లు మొదలయ్యాయి. మేం తినం కాబట్టి ఆదివారాలు మనవాళ్ళిళ్ళకి పంచేదాన్ని. గుడ్లు పట్టుకెళ్ళినచోటల్లా కోళ్ళ కబుర్లు, పిల్లలొచ్చి మా పెరట్లో ఫోటోలు దిగడం, వాళ్ళ తల్లిదండ్రులకి మన పిల్లలకీ ప్రకృతి తెలియాలి అన్న జ్ఞానం కలగడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. నా గుడ్లు చూసి కోళ్ళు కొన్నవాళ్ళే ఆ తరవాత ఆ కోళ్ళని నా దగ్గరికి తెచ్చారు. మంచు పడే దేశంలో కోడిని పెంచడమంటే ఏమిటో కొన్నవాళ్ళకి మరుసటి అక్టోబరుదాకా తెలియలేదు. గిన్నెలో నీళ్ళు గంటలో గడ్డకడతాయి. గూటిదాకా దారి పార పట్టుకుని తవ్వుకోవాలి. తలమీది ఎర్రటి తురాయి చలికి నల్లబడకుండా ఒక్కొక్కదాన్నీ చంకలో ఇరికించుకుని వాసెలీన్ రాయాలి. మా అమ్మ నాకు తలంటినప్పుడు కూడా అంత శ్రద్ధ చూపించలేదు.

మొదట వచ్చినవాడు మా తోటికోడలి అన్న కొడుకు, నాకు మేనల్లుడి వరస. హైదరాబాదులో పెరిగాడు, కిచెనర్‌లో ఐటీ ఉద్యోగం. గుమ్మంలో నిలబడి మెలికలు తిరిగాడు.

"ఒక్కటే కోడి అత్తా. చలికాలం అయ్యేదాంక అంతే. అసలు సౌండే చెయ్యదు."

"గూడు కూడా ఇస్తే ఆలోచిస్తా," అన్నాను. మా గూడు అప్పటికే ఇరుకు. వాడి గూడు దేవదారు చెక్కతో చేసిన ఖరీదైనది, నేనది పోయినసారే చూసి పెట్టుకున్నాను. వాడు తెగ సంతోషపడి మర్నాడే వ్యానులో గూడు తెచ్చి దించాడు. గూటి తలుపు తీస్తే, చెప్పిన కోడి వాడి చంకలో ఉండగానే లోపల ఇంకో రెండు కూర్చుని ఉన్నాయి. ఇవేంట్రా అంటే, ఏ మాత్రం తడుముకోకుండా చెప్పాడు. "ఖాళీ గూడు ఎట్ల ఇస్తం అత్తా. గిన్నె అయినా ఖాళీగా ఇయ్యొద్దంటరు కదా మనోళ్ళు."

మన పద్ధతుల్ని మన మీదే తిప్పికొట్టే పిల్లవాడు దొరికితే ఏమంటాం. టీ ఇచ్చి, పకోడీలు పెట్టి పంపించాను. తొమ్మిది. ఆ సాయంత్రమే డజను గుడ్లు పక్కింటావిడకి పట్టుకెళ్ళాను.

అది మొదలు. వాడి దగ్గర విన్నారో, నా మొహం మీద రాసుందో, ఆ శీతాకాలానికి ముందు మరో మూడు కుటుంబాలు వచ్చాయి. అందరిదీ ఒకటే మాట, ఆంటీ మీకెలాగూ ఉన్నాయి కదా. ఉన్నవాళ్ళకి ఇంకోటి బరువు కాదన్న ఈ లెక్క ఎవరు కనిపెట్టారో గాని, ఇప్పటికీ వింటే నా పళ్ళు పటపటమంటాయి. అయితే నిజం చెప్పాలి, ఒక్కరిని కూడా నేను పొమ్మనలేదు. మేత బస్తా ఇస్తారా అనేదాన్ని. రెండు బస్తాలు దించేవాళ్ళు. వేడి బల్బు ఇస్తారా అనేదాన్ని. బల్బుతోపాటు వైరు కూడా ఇచ్చేవాళ్ళు. ఆ వైరు చేతికందగానే నాకు కోడి కనిపించేది కాదు, గెలుపు కనిపించేది. చలికాలం గడిచాక తీసుకెళ్తామన్నవాళ్ళు మే నెల వచ్చినా ఆ ఊసే ఎత్తలేదు. పద్నాలుగు. కాల్గరీకి మారిపోతున్న ఓ జంట రెండని చెప్పి మూడు దించిపోయారు. పదిహేడు. కొత్త కోడి గూట్లో దిగిన ప్రతిసారీ పక్కింటికి ఒక డజను వెళ్ళేది. ఆవిడ తీసుకునేది, థాంక్స్ అనేది, కంచె మీంచి మా పెరటివైపు ఓసారి చూసేది. ఎన్ని అని మళ్ళీ అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు.

జూన్‌లో ఊరి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీ పెరట్లో అనుమతికి మించి కోళ్ళున్నట్టు మా దృష్టికి వచ్చింది, ఫలానా మంగళవారం మా మనిషి వచ్చి చూస్తాడు, సంఖ్య తగ్గకపోతే పర్మిట్ రద్దవుతుంది, మొత్తం కోళ్ళని తీసేయాలి అని. ఆ కాగితం చదువుతూంటే నా చూపు నేరుగా కంచె వైపే పోయింది. ఇంకెవరు రాస్తారు. ఆవిడ గులాబీల దగ్గర వంగి ఉంది. మావారు ఆగమంటున్నా వినకుండా వెళ్ళి, జీవితంలో ఎవరితోనూ మాట్లాడనంత గట్టిగా మాట్లాడాను. నా గుడ్లు తిన్నన్నాళ్ళు తిని, మొహం మీద నవ్వి, వెనకనుంచి ఉత్తరం రాస్తావా అన్నాను. ఇన్నేళ్ళు ఈ దేశంలో మింగేసిన మాటలన్నీ, షాపుల్లో నా ఇంగ్లీషుకి నవ్వినవాళ్ళని, ఆసుపత్రిలో నా టిఫిన్ డబ్బా వాసనకి ముక్కు మూసుకున్నవాళ్ళని అనాల్సినవి, అన్నీ కలిపి ఆవిడ నెత్తిన పోశాను. ఆవిడ నడుం ఎత్తి నిలబడింది. చేతి తొడుగులు ఒకటి తరవాత ఒకటి తీసి, జేబులో పెట్టుకుని, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. చూశావా, తప్పు చేసింది కాబట్టే మాట పెగల్లేదు అని మావారితో అన్నాను.

మంగళవారం వచ్చిన కుర్ర ఆఫీసరు మర్యాదస్థుడు. గూళ్ళన్నీ తిరిగి లెక్కపెట్టి, నాలుగు ఉంచుకుని మిగతావి పది రోజుల్లో పంపెయ్యమన్నాడు. అంతా అయ్యాక, ఇది చూశారా అని ఓ కాగితం చూపించాడు. ఫేస్‌బుక్‌లో ఎవరో పెట్టిన పోస్టు అచ్చుతీసిన కాగితం. నా ఫోటో, చంకలో కోడి, వెనక మూడు గూళ్ళు. కోళ్ళు పెంచలేకపోతున్నారా, మా అత్త దగ్గర వదిలెయ్యండి, సొంతపిల్లల్లా చూసుకుంటుంది, ఫ్రీ అని ఇంగ్లీషులో రాసి, కింద మా ఇంటి నంబరు, వీధి పేరు, మూడు ఎర్ర గుండెకాయలు. పెట్టినవాడు మా మేనల్లుడు. ఫిర్యాదు ఎవరూ చెయ్యలేదట, ఆఫీసువాళ్ళే చూశారట. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను కంచె వైపు చూడలేకపోయాను.

వాడికి ఫోన్ చేశాను. అప్పటికి ఉద్యోగం మారి నార్త్ యార్క్‌లో ఓ కాండో అపార్ట్‌మెంటులో ఉంటున్నాడు. నీకు హెల్ప్ అయితదని పెట్టిన అత్తా, ఇప్పుడే డిలీట్ చేసేస్తా అన్నాడు.

"పోస్టు సంగతి తరవాత. నువ్వు తెచ్చిన మూడూ తీసుకెళ్ళు," అన్నాను.

"కాండోలో పెట్స్ అలౌడ్ కాదు అత్తా."

మిగతావాళ్ళకీ చేశాను. ఒకావిడ, మాది బ్రౌన్ కోడి కదా ఆంటీ, మీ దగ్గరున్నవన్నీ బ్రౌనే, అందులో మాది ఏదని పట్టుకుంటాం అంది. ఒకాయన ఇంట్లో పిల్లకి అలర్జీ తేలిందన్నాడు. వాటర్లూలో ఉండే ఓ గుంటూరాయన మాత్రం దాపరికం లేకుండా మాట్లాడాడు. "ఇందులో అంత ఆలోచించేదేముందండీ, తలా రెండు పంచేస్తే ఈ ఆదివారంతో అయిపోతాయి." నేను తినని మనిషినని తెలిసే అన్నాడు. చలిలో ఒక్కొక్కదానికీ వాసెలీన్ రాసిన వేళ్ళతో ఆ ఫోన్ పట్టుకుని నేనేమన్నానో ఇక్కడ రాయను, మా నాన్నగారి కొట్టు ముందు బండ్లు తోలేవాళ్ళ దగ్గర నేర్చుకున్న మాటలు అవి. అందరికీ పిల్లలకి చూపించడానికి కోడి కావాలి. ఆ కోడికి ముసలితనం వస్తుందని, చలి వేస్తుందని, అది ఏడెనిమిదేళ్ళు బతుకుతుందని ఒక్కరూ చూడదలుచుకోలేదు. ఆటబొమ్మ విసుగొస్తే పంచిపెట్టేసినట్టు పంచిపెట్టారు. ఇన్నేళ్ళయినా ఆ కోపం నాకు చల్లారలేదు, చల్లారాలని కూడా నేను కోరుకోను.

చివరికి దిక్కు ఆ నల్లటోపీ రైతే. పదమూడింటినీ పెట్టెల్లో సర్దుకుని వెళ్ళాం. ఉంచుకున్న నాలుగింట్లో మూడు ఆయన దగ్గర కొన్నవి, నాలుగోది ఎవరో వదిలిపోయిన, చలికి ఓ కాలివేలు పోగొట్టుకున్న కుంటి పెట్ట. ఆయన పెట్టెలన్నీ చూసి, నేను నీకమ్మినవి మూడు కదా అన్నాడు. ముసలివయ్యేదాకా చూస్తారా అని అడిగాను. గుడ్లు పెట్టినన్నాళ్ళు ఉంటాయి, ఆ తరవాత పొలంలో ఏం జరుగుతుందో నీకు తెలుసు, నేను నీకు అబద్ధం చెప్పను అన్నాడు. ఎంత ఇస్తే పెంచుతావు, ఏం ఇస్తే మాట ఇస్తావు అని నా నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎదుటివాడు చెప్పిన మాటకి బేరమాడకుండా తలూపడం అదే మొదలు. పెట్టెలు ఖాళీ అయ్యాక ఆయనకి కొసరు పద్ధతి గుర్తొచ్చినట్టుంది, ఏమైనా కావాలా అన్నట్టు చూశాడు. నేను కారెక్కేశాను. దారిలో మావారు రేడియో పెట్టలేదు.

పక్కింటికి వెళ్ళడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. అలవాటు ప్రకారం డజను గుడ్లు పట్టుకెళ్ళాను. తలుపు తీసింది. ఫిర్యాదు నువ్వు చెయ్యలేదని తెలిసింది, నన్ను క్షమించు అన్నాను. చేద్దామని మూడుసార్లు అనుకున్నానంది. నువ్వే వచ్చి చెబుతావని ఆగానంది. ఇక ఆ తరవాత ఆవిడన్న మాట, ఎంత నెమ్మదిగా అందో అంత నెమ్మదిగానే నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"నువ్వు నాలుగు అన్నావు. గుడ్లు తెచ్చినప్పుడల్లా ఇంకోటి వచ్చిందని లెక్క వేసుకునేదాన్ని."

గుడ్ల అట్ట తిరిగి నా చేతిలో పెట్టింది. కోపంగా కాదు, అక్కర్లేదన్నట్టు. నేను ఆ మెట్ల మీద నిలబడి, ఇన్నేళ్ళ తరవాత, చీరాలలో నాలుగు కొట్ల అవతలి పచారీ కొట్టాయన్ని చూశాను. తూకంలో నొక్కి కొసరులో పోసే మనిషిని మా నాన్నగారు ఎందుకు అసహ్యించుకునేవారో అప్పుడు అర్థమయింది. కొసరు అంటే సరిగ్గా తూచినవాడు పైన వేసేది. నేను తూచనే లేదు. నాలుగని చెప్పి పదిహేడు తెచ్చుకుని, మధ్యలో ఆవిడ నోరు డజన్లతో మూస్తూ వచ్చాను. మనవాళ్ళు మేత బస్తా చూపించి నన్నెలా కొన్నారో, నేను ఆవిడని అలాగే కొన్నాను. తేడా ఏమిటంటే ఆవిడ అమ్ముడుపోలేదు.

ఆ తరవాత మళ్ళీ కలిశాం, కాకపోతే కొంతకాలం పట్టింది. మరుసటి ఏడు వేసవిలో ఓ రోజు ఆవిడే కంచె దగ్గరికొచ్చి ఎన్ని అని అడిగింది. మూడు, ఒకటి పోయింది అన్నాను. నమ్మమంటావా అంది, నవ్వింది. కావాలంటే వచ్చి లెక్కపెట్టుకోమన్నాను. నిజంగానే గేటు తీసుకుని వచ్చి లెక్కపెట్టి, వెళ్ళేటప్పుడు తనే అడిగి రెండు గుడ్లు తీసుకెళ్ళింది. అడిగి తీసుకున్న ఆ రెండు గుడ్లకి నేను పడిన సంతోషం ఏ బేరంలోనూ పడలేదు. ఐదేళ్ళ కిందట కుంటి పెట్ట, అదే చివరిది, ఓ చలి ఉదయం గడ్డిలో ముడుచుకుని పోయింది. ఆ మరుసటి ఏడు ఆవిడ హామిల్టన్ దగ్గర వృద్ధుల హోముకి మారిపోయింది. రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చాను, మూడోసారి వెళ్ళేసరికి లేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఓ యువ జంట ఉంటున్నారు. గులాబీలు తీసేసి రాళ్ళు పరిచారు, కంచె మనిషెత్తు పెంచారు. రెండేళ్ళుగా చెయ్యి ఊపుకోవడమే తప్ప వాళ్ళ పేర్లు నాకు తెలియవు, నా పేరు వాళ్ళకి తెలియదు. ఇవాళ పొద్దున్నుంచీ ఆ కెమెరా బొమ్మ పదిసార్లు చూశాను. నా మేనల్లుడు దొంగవెధవ, కాదనను, కాని వాడు గుమ్మంలో నిలబడ్డాడు. టీ తాగాడు, పకోడీ తిన్నాడు, నా మొహంలోకి చూసి అబద్ధమాడాడు. ఆ గుంటూరాయన కూడా ఫోన్ ఎత్తి తను అనదలుచుకున్నది అన్నాడు. ఆ రోజుల్లో మోసం చెయ్యాలన్నా ఎదురుగా నిలబడాల్సి వచ్చేది. తిట్టడానికి మనకో మొహం దొరికేది. ఇప్పుడు బెల్లు కొట్టడానికి కూడా భయపడే పిల్లలు ప్రాణమున్నదాన్ని అట్టపెట్టెలో పెట్టి, చిల్లులు పొడిచి, వెనక్కి చూసుకుంటూ పోతున్నారు. ఆ అమ్మాయి తలుపు కొట్టి ఉంటే రెండు తిట్లు తిట్టి, కాఫీ ఇచ్చి, సంచిలో మేత ఇంతేనా అని అడిగేదాన్ని. అడిగేదాన్నే, నా సంగతి నాకు తెలుసు.

మధ్యాహ్నం పెట్టె తెరిచాను. చిన్న పెట్ట, ఎర్రమట్టి రంగు, ఇంకా గుడ్లు మొదలెట్టని వయసు. గూట్లో పెట్టెయ్యనా అని మావారు అడిగారు. గ్రాఫ్ కాగితం నాటి గూడు ఒకటి షెడ్డులో ఇంకా ఉంది. అప్పుడే కాదన్నాను. పర్మిట్ కాగితం కోసం వెతికితే దాని కాలం ఎప్పుడో తీరిపోయింది, కింద పక్కింటివాళ్ళ సంతకం చోట ఆవిడ గీతలు మాత్రం ఉన్నాయి, చదవకుండా పెట్టిన సంతకం. పెట్టె రెండు చేతుల్తో ఎత్తుకుని పక్కింటికి నడిచాను. చేతిలో చిక్కుడుకాయలు లేవు, గోంగూర కట్ట లేదు, గుడ్లు ఎలాగూ లేవు. బెల్లు నొక్కితే తలుపు తెరుచుకోలేదు, తలుపు పక్కనున్న బుల్లి కెమెరా దీపం వెలిగి, లోపల్నుంచో ఆఫీసులోంచో ఓ గొంతు ఏం కావాలని ఇంగ్లీషులో అడిగింది.

మీరు ఇంటికొచ్చాక వస్తాను, మొహం చూసి ఒక మాట అడగాలి అన్నాను. ఏ విషయం అంది ఆ గొంతు. కోడి విషయం, ఒకటే, పెంచుకోవచ్చా అని అడగడానికి వచ్చాను అన్నాను. మామిడిపళ్ళ పెట్టెలో అది కాళ్ళు మార్చుకుంటోంది. తరవాత లోపల మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. అక్కడే నిలబడ్డాను.